చిన్న కమతానికి మొదటి ట్రాక్టర్: అనంతపురం మెట్ట నేలల్లో ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మీ పొలానికి ఏడాదికి ఎన్ని ట్రాక్టర్ గంటలు అవసరమో లెక్కగట్టగలుగుతారు.
• సొంత ట్రాక్టర్, బాడుగ ట్రాక్టర్‌ల ఖర్చును పోల్చగలుగుతారు.
• నేల, పంట, పనిముట్టును బట్టి తగిన అశ్వశక్తిని ఎంచుకోగలుగుతారు.
• కొనే ముందు ఏ పత్రాలు, ఏ భాగాలు చూడాలో వివరించగలుగుతారు.

1. ప్రస్తావన

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, పెద్దల నుంచి వచ్చిన నాలుగైదు ఎకరాలను బీడు పెట్టకుండా సాగు చేసుకోవాలనుకునే వారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మీరూ వారిలో ఒకరు కావచ్చు. ఎద్దులను ఏడాది పొడవునా మేపే వీలు ఉండదు. అందువల్ల ముందుగా వచ్చే ఆలోచన ట్రాక్టర్. షోరూముకు వెళితే మొదట అడిగే ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ కావాలి?" అని. అది చివర్లో తేల్చుకోవలసిన ప్రశ్న. దానికంటే ముందు రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఏడాదికి ఎన్ని గంటల పని ఉంది? పదును ఉన్న రోజుల్లో బాడుగ ట్రాక్టర్ సమయానికి దొరుకుతుందా?

ఈ పాఠంలో అనంతపురం అంటే 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోకముందు ఉన్న ఉమ్మడి జిల్లా అని అర్థం చేసుకోండి.

2. అనంతపురం నేల, వాన

పడమటి కనుమల వానచాటున ఉండటం వల్ల ఈ ప్రాంతానికి నైరుతి రుతుపవనాల వాన తక్కువ. తూర్పు తీరానికి దూరంగా ఉండటం వల్ల ఈశాన్య రుతుపవనాల వాన కూడా అంతంత మాత్రమే. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా కొన్ని వానల్లోనే పడి, మధ్యలో వారాల తరబడి ఎండ కాస్తుంది.

నేలలు ఎక్కువగా ఎర్ర ఇసుక గరపవి, లోతు తక్కువ. ఇవి తేమను ఎక్కువ రోజులు నిలుపుకోలేవు. ఎండితే గట్టిపడతాయి. మంచి వాన పడిన మూడు నాలుగు రోజుల్లోనే విత్తనం వేసే పదును ఆరిపోతుంది. జూన్, జూలై నెలల్లో వేరుశనగ విత్తే రైతు ఎదురుచూసేది ఆ మూడు నాలుగు రోజుల కోసమే. "అదును, పదును" అని మన పెద్దలు రెండు మాటలూ కలిపి అనేది ఇందుకే.

ఈ పరిస్థితి ట్రాక్టర్ ఎంపికపై మూడు విధాలుగా ప్రభావం చూపుతుంది.

మొదటిది, పని కొద్ది రోజుల్లోనే కుప్పగా వచ్చి పడుతుంది. మిగతా రోజుల్లో ట్రాక్టర్ ఖాళీగా ఉంటుంది. రెండవది, తేలిక నేల కాబట్టి నల్లరేగడికి కావలసినంత శక్తి ఇక్కడ అవసరం లేదు. మూడవది, వాన తప్పిన ఏడాది పని సగానికి పడిపోతుంది కానీ బ్యాంకు కంతు తగ్గదు. కరువు ప్రాంతంలో ట్రాక్టర్ కొనేవారు ముందుగా ఆలోచించవలసింది ఈ మూడవ విషయాన్నే.

3. పని గంటల లెక్క

ఒక పనిముట్టు గంటలో ఎంత నేల దున్నుతుందో తెలుసుకోవడానికి ఈ సూత్రం వాడతారు:

గంటకు హెక్టార్లు = పనిముట్టు వెడల్పు (మీటర్లు) × వేగం (గంటకు కిలోమీటర్లు) × క్షేత్ర సామర్థ్యం ÷ 10

గట్ల దగ్గర మలుపులు, ఆగడాలు తీసివేయగా నిజంగా పని జరిగే సమయపు నిష్పత్తిని క్షేత్ర సామర్థ్యం అంటారు. దాన్ని 0.75గా తీసుకుందాం. ఒక హెక్టారు సుమారు 2.47 ఎకరాలు.

ఉదాహరణ 1: తొమ్మిది పళ్ల ట్రాక్టర్ గొర్రు వెడల్పు 2 మీటర్లు, వేగం 4 కిలోమీటర్లు అయితే, 2 × 4 × 0.75 ÷ 10 = 0.6 హెక్టార్లు. అంటే గంటకు దాదాపు ఎకరంన్నర.

ఉదాహరణ 2: చిన్న ట్రాక్టర్‌కు తగిలించే ఐదు పళ్ల గొర్రు వెడల్పు 1.1 మీటర్లు అయితే, అదే వేగంతో 0.33 హెక్టార్లు. అంటే గంటకు సుమారు 0.8 ఎకరం.

ఇప్పుడు ఐదెకరాల పొలాన్ని తీసుకుందాం. మూడెకరాల్లో వర్షాధారంగా వేరుశనగ, రెండెకరాల్లో బోరు కింద చీనీ తోట ఉన్నాయి. చిన్న ట్రాక్టర్‌తో ఏడాది పని ఇలా ఉంటుందని అనుకుందాం:

• వేరుశనగకు రెండుసార్లు దుక్కి: 8 గంటలు
• విత్తడం: 4 గంటలు
• కాయలు తవ్వడం: 4 గంటలు
• నూర్పిడి: 6 గంటలు
• చీనీ తోటలో నాలుగుసార్లు అంతరసేద్యం: 10 గంటలు
• మందు పిచికారీ: 6 గంటలు
• ఎరువు, పంట తోలకం: 12 గంటలు

మొత్తం 50 గంటలు. ఏడాదిలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే ఇది వారం రోజుల పని కూడా కాదు.

4. సొంతమా, బాడుగా?

ట్రాక్టర్ ఖర్చు రెండు రకాలు. నడిపినా నడపకపోయినా తప్పనిది స్థిర ఖర్చు. నడిపిన గంటలను బట్టి అయ్యేది నిర్వహణ ఖర్చు. కింది అంకెలు లెక్క పద్ధతి చూపడానికి ఊహించినవి. మీ ఊరి ధరలు వేసి మీరే మళ్లీ లెక్కించాలి.

కొత్త చిన్న ట్రాక్టర్, పనిముట్లు కలిపి ధర రూ. 5,00,000, పదేళ్ల తరువాత విలువ రూ. 50,000, వడ్డీ 10 శాతం అనుకుందాం.

తరుగుదల: (5,00,000 − 50,000) ÷ 10 = రూ. 45,000
వడ్డీ: సగటు విలువ రూ. 2,75,000పై 10 శాతం = రూ. 27,500
బీమా, షెడ్డు మొదలైనవి: రూ. 10,000
ఏడాది స్థిర ఖర్చు: రూ. 82,500

డీజిల్, ఆయిల్, మరమ్మతు, డ్రైవర్ కూలి కలిపి గంటకు రూ. 500 అనీ, అలాంటి ట్రాక్టర్ బాడుగ గంటకు రూ. 1,000 అనీ అనుకుంటే, సొంత ట్రాక్టర్ వల్ల గంటకు మిగిలేది రూ. 500. స్థిర ఖర్చు రాబట్టడానికి 82,500 ÷ 500 = 165 గంటలు నడవాలి. దీన్ని సమతుల్య స్థానం అంటారు.

మన పొలంలో ఉన్నది 50 గంటలే. అంటే ఒక గంట పనికి మీకు పడే ఖర్చు 82,500 ÷ 50 + 500 = రూ. 2,150. వాన తప్పి 30 గంటలే నడిస్తే ఆ ఖర్చు రూ. 3,250 అవుతుంది.

ఇప్పుడు వాడిన ట్రాక్టర్‌ను చూద్దాం. ధర రూ. 2,00,000, ఆరేళ్ల తరువాత విలువ రూ. 50,000 అయితే తరుగుదల ఏడాదికి రూ. 25,000, వడ్డీ రూ. 12,500, ఇతర ఖర్చులు రూ. 7,500, మొత్తం రూ. 45,000. మరమ్మతు ఎక్కువ కాబట్టి నిర్వహణ ఖర్చు గంటకు రూ. 600 అనుకుందాం. గంటకు మిగిలేది రూ. 400. సమతుల్య స్థానం సుమారు 113 గంటలు.

5. అదును విలువ

పై లెక్కలో ఒక ముఖ్యమైన అంశం ఇంకా చేరలేదు. బాడుగ ట్రాక్టర్ చవకే కానీ, పదును ఉన్నప్పుడు అది మీ పొలానికి రావాలి. గంటకు ఎకరంన్నర చొప్పున రోజుకు ఎనిమిది గంటలు నడిచే ట్రాక్టర్ నాలుగు రోజుల్లో 48 ఎకరాలు చేయగలదు. ఆ యజమానికి సొంత పొలం, ముందే మాట ఇచ్చిన పొలాలు కలిపి నూరెకరాలు ఉంటే, వరుసలో చివర ఉన్నవారికి పదును దాటిపోతుంది. పొలానికి దూరంగా ఉండి, ఆదివారాల్లో వచ్చేవారు తరచుగా ఆ చివరివారే అవుతారు.

కాబట్టి మీ ఊళ్లో ఎన్ని ట్రాక్టర్లు, విత్తే యంత్రాలు ఉన్నాయో, అవి ఎన్ని ఎకరాలకు తిరుగుతాయో విచారించండి. ఆలస్యం వల్ల ఏడాదికి సగటున ఎంత నష్టపోతున్నారో అంచనా వేయండి. అది రూ. 15,000 అనుకుందాం. కొత్త ట్రాక్టర్ కొంటే 50 గంటల పనిపై లోటు 82,500 − 25,000 = రూ. 57,500. అదును విలువ కలిపినా రూ. 42,500 లోటు మిగులుతుంది. వాడిన ట్రాక్టర్‌కు లోటు 45,000 − 20,000 = రూ. 25,000. అదును విలువ తీసివేస్తే మిగిలేది రూ. 10,000. ఇరుగుపొరుగు పొలాల్లో 25 గంటలు బాడుగకు తిప్పితే అదీ తీరిపోతుంది.

ఈ లెక్క వల్ల తేలేది ఇది: ఐదెకరాలకు కొత్త ట్రాక్టర్ అప్పుపై కొనడం గిట్టుబాటు కాదు. ముందు నుంచే మాట తీసుకున్న బాడుగ, ఇద్దరు ముగ్గురు బంధువులు కలిసి కొనడం, మంచి స్థితిలో ఉన్న వాడిన ట్రాక్టర్ అనే మూడు మార్గాలను ఈ వరుసలో పరిశీలించాలి. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద యంత్రాల అద్దె కేంద్రాలకు కూడా సాయం అందుతోంది. మీ మండలంలో అలాంటి కేంద్రం ఉందేమో వ్యవసాయ అధికారిని అడగండి.

6. అశ్వశక్తి, బరువు, పనిముట్టు

కొనాలని తేలిన తరువాతే అశ్వశక్తి, అంటే హెచ్‌పీ, సంగతి చూడాలి. ఒక అశ్వశక్తి 746 వాట్లకు సమానం. ఇంజిన్ శక్తి అంతా పనికి రాదు. నూర్పిడి యంత్రం, పిచికారీ పంపు వంటి వాటిని తిప్పే పీటీవో షాఫ్టుకు అందులో సుమారు 85 శాతం చేరుతుంది. గుల్ల నేలలో పనిముట్టును లాగడానికి దక్కేది దాదాపు సగమే.

చీనీ తోట ప్రధానమైతే 20 నుంచి 25 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ చాలు. ఇది ఒక టన్నుకు అటూ ఇటూ తూగుతుంది, కొమ్మల కింద, ఇరుకు మలుపుల్లో తిరుగుతుంది. తొమ్మిది పళ్ల గొర్రు, పెద్ద విత్తే యంత్రం, బరువైన ట్రాలీ కావాలంటే 35 నుంచి 45 హెచ్‌పీ అవసరం. 45 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు దాదాపు రెండు టన్నులు. పదును ఎక్కువగా ఉన్న నేలపై అంత బరువు తిరిగితే లోపలి పొర అణిగి, నీరు ఇంకడం తగ్గుతుంది.

పనిముట్టు తగిలించే మూడు బిందువుల అనుసంధానాన్ని కూడా గమనించండి. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన ఈ అమరిక వల్ల పనిముట్టు బరువు, అది నేలను కోసేటప్పుడు కలిగే ఒత్తిడి వెనుక చక్రాలపై పడి పట్టు పెరుగుతుంది. తేలిక ట్రాక్టర్ కూడా బాగా లాగగలగడానికి కారణం ఇదే. చిన్న ట్రాక్టర్ల అనుసంధానం ఇరుకుగా ఉండవచ్చు. పొరుగువారి పనిముట్టు దానికి సరిపోతుందో లేదో కొనకముందే తగిలించి చూడండి.

రోటవేటర్ విషయంలో జాగ్రత్త అవసరం. ఎర్ర నేలను పదేపదే పిండి చేస్తే, తరువాత పడిన వానకు పైన పెచ్చు కట్టి మొలకను అడ్డుకుంటుంది. చీనీ చెట్ల పోషక వేర్లు పైపొరలోనే ఉంటాయి కాబట్టి పాదుల్లో లోతుగా దున్నకూడదు.

7. కొనే ముందు పరిశీలన

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. మన జిల్లాలోనే, అనంతపురం నుంచి గుత్తి వెళ్లే దారిలో ఉన్న గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ఇక్కడ యంత్రాల పరీక్షలతో పాటు రైతులకు నడపడం, నిర్వహణపై శిక్షణ ఇస్తారు. మొదటిసారి కొనేవారు ముందు శిక్షణ పొంది, తరువాత కొనడం మేలు. పరీక్ష నివేదికలో పీటీవో శక్తి, లాగే బలం, ఎత్తే సామర్థ్యం, డీజిల్ వాడకం అనే నాలుగు అంశాలు చూడండి.

వాడిన ట్రాక్టర్‌కు:
• ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండిపై ఉన్నవాటితో సరిపోవాలి. పాత అప్పు తీరినట్టు బ్యాంకు పత్రం ఉండాలి.
• చల్లగా ఉన్న ఇంజిన్‌ను మీ ఎదుటే స్టార్టు చేయించండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని, నల్ల పొగ విడవకుండా వస్తే గాలి అందడం లేదని లేదా డీజిల్ ఎక్కువ వెళుతోందని గ్రహించాలి.
• ఈ ప్రాంతపు దుమ్ముకు ముందుగా దెబ్బతినేది ఇంజిన్ లోపలి భాగాలు. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి.
• బరువుతో ఎత్తించి ఆపండి. పనిముట్టు దానంతట అదే కిందికి దిగితే హైడ్రాలిక్ లోపం ఉన్నట్టే.
• పీటీవో షాఫ్టుకు రక్షణ తొడుగు ఉండాలి. పంచె, చీర కొంగు చుట్టుకుంటే ప్రాణాపాయం.

విడిభాగాలు, మెకానిక్ దగ్గరి పట్టణంలో దొరకని బండి ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. పదును రోజుల్లో ఆగిపోయిన సొంత ట్రాక్టర్ కంటే సమయానికి వచ్చిన బాడుగ ట్రాక్టర్ నయం.

8. సారాంశం

అనంతపురం వంటి ప్రాంతంలో ట్రాక్టర్ పని కొద్ది రోజులకే పరిమితం. అందువల్ల మొదట ఏడాది పని గంటలు, తరువాత సమతుల్య స్థానం, ఆపై అదును విలువ లెక్కగట్టాలి. లెక్క కుదిరితేనే నేల, పంట, పనిముట్టును బట్టి అశ్వశక్తి నిర్ణయించాలి. వాన తప్పిన ఏడాది కూడా కంతు కట్టగలరా అన్న ప్రశ్నకు పొలం ఆదాయం నుంచే జవాబు దొరకాలి. మీ జీతం నుంచి కట్టవలసి వస్తే, ఆ మొత్తాన్ని కూడా సాగు ఖర్చుగానే రాసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మూడెకరాలను తొమ్మిది పళ్ల గొర్రుతో రెండుసార్లు దున్నడానికి ఎన్ని గంటలు పడుతుంది?
(జవాబు: 6 ఎకరాలు ÷ 1.5 = 4 గంటలు.)
2. బాడుగ గంటకు రూ. 1,250 అయితే, కొత్త ట్రాక్టర్ సమతుల్య స్థానం ఎంత?
(జవాబు: 82,500 ÷ 750 = 110 గంటలు.)

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. ఎర్ర నేలల్లో ట్రాక్టర్ బరువు, రోటవేటర్ వాడకం వల్ల కలిగే సమస్యలను వివరించండి.
2. మీ ఊరి ధరల ఆధారంగా, మీకు తెలిసిన ఒక పొలానికి సొంత, బాడుగ ట్రాక్టర్‌ల ఖర్చును పోల్చి మీ నిర్ణయాన్ని సమర్థించండి.