గోడమీద టర్కీ కోళ్ళు

పట్టుచీర కొంగు చిరిగితే రఫ్ చేసేవాడికి ఇస్తాం కదండీ! అతను చిరిగినంత మేరకే పోగులు కలిపి నింపుతాడు. అలాకాక కొత్త కొంగు నేసి అతికించి, “ఇది మీ అమ్మమ్మగారి నాటిదేనమ్మా” అంటే మనం ఒప్పుకుంటామా? పాత చిత్రాలు బాగుచేసేవాళ్ళ పనీ అంతే. పోయినచోటే రంగు పెట్టాలి. ఆ హద్దు దాటిన ఒక జర్మన్ చిత్రకారుడి కథ ఈవేళ మీకు చెబుతాను.

లోథార్ మాల్‌స్కాట్ 1913లో కోనిగ్స్‌బెర్గ్‌లో పుట్టాడు. మంచి పనివాడే కాని చేతిలో డబ్బు లేదు. ఎర్నెస్ట్ ఫై, ఆయన కొడుకు డీట్రిష్ ఫై అనేవారి దగ్గర పనికి కుదిరాడు. 1937లో వాళ్ళకు ష్లెస్విగ్ పెద్ద చర్చిలో సుమారు 1300 నాటి గోడబొమ్మలు బాగుచేసే పని వచ్చింది. వెనకటివాళ్ళు పూసిన రంగు గీకబోతే అసలు బొమ్మలు కూడా చాలావరకు ఊడిపోయాయట. ఇంకేం చేస్తారు? గోడకు సున్నం కొట్టి మాల్‌స్కాట్ కొత్త బొమ్మలు వేసేశాడు. మేరీమాతకు ఒక సినిమాతార ముఖం పెట్టాడు. కింద అంచులో టర్కీ కోళ్ళు కూడా వేశాడు.

నాకు నవ్వొచ్చేది ఇక్కడే. టర్కీ కోడి అమెరికా పక్షి. 1492లో కొలంబస్ వెళ్ళొచ్చాకగాని యూరప్‌వాళ్ళు దాన్ని చూడలేదు. మరి 1300లో ఎలా వేశారు? ఇది దొంగబొమ్మ అనాలా, వద్దా? అనలేదు సరికదా, “మా ఉత్తరాదివాళ్ళు కొలంబస్ కంటే ముందే అమెరికా చూసొచ్చారు, ఇదే సాక్ష్యం” అన్నారు కొందరు పండితులు! హిట్లర్ రోజులు కదా, వినడానికి ఇంపుగా ఉండే మాటే నిజమైంది.

తరవాత యుద్ధం. 1942 మార్చిలో ల్యూబెక్ పట్టణంపై బాంబులు పడి మేరీమాత చర్చి తగలబడింది. గంటలు కిందపడి నేలలో దిగిపోయాయి. అవి ఈనాటికీ పడిన చోటనే ఉన్నాయి. ఆ వేడికి గోడల సున్నం రాలి, లోపలినుంచి పాత బొమ్మలు బయటపడ్డాయి. 1948లో వాటిని బాగుచేసే పని డీట్రిష్ ఫైకి దక్కింది. పరంజా ఎక్కి పనిచేసింది మాత్రం మాల్‌స్కాట్. గర్భగుడి వంటి తూర్పు భాగంలో పాతవి దాదాపు ఏమీ మిగల్లేదు. అక్కడ నిలువెత్తు సాధువుల్ని అతనే కొత్తగా వేశాడు.

1951లో చర్చికి 700 ఏళ్ళ పండుగ చేశారు. ప్రధాని అడెనావర్ వచ్చారు. ఆ బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. మెప్పంతా ఫైదే, మాల్‌స్కాట్ పేరెత్తినవారు లేరు. పొద్దుటినుంచీ పొయ్యిదగ్గర మగ్గింది ఒకరైతే, పంక్తిలో “వంట బ్రహ్మాండం” అనిపించుకున్నది ఇంకొకరు. మనకు తెలియని బాధా ఇది?

1952లో అతను “అవి నేను వేసినవే” అని బయటపెట్టాడు. ఎవరూ నమ్మలేదు! చివరికి వకీలుచేత తనమీద తానే ఫిర్యాదు పెట్టించుకున్నాడు. నిపుణులు గోడలు పరీక్షించి, నిజమేనన్నారు. ఇద్దరూ కలిసి పెద్ద చిత్రకారుల పేర్లతో నకిలీ చిత్రాలు అమ్మిన సంగతీ అప్పుడే బయటపడింది. అందుచేత అతన్ని అమాయకుడని నేననను. 1955లో ఫైకి 20 నెలలు, మాల్‌స్కాట్‌కు 18 నెలలు జైలుశిక్ష పడింది.

తరవాత అతను సొంత పేరుతోనే బొమ్మలు వేసుకుంటూ 1988లో చనిపోయాడు. తూర్పు భాగంలోని ఆ సాధువుల్ని గోడమీంచి కడిగేశారు. తపాలా బిళ్ళలు మాత్రం సేకరించేవాళ్ళ ఆల్బముల్లో అలాగే ఉన్నాయి.