బోదకాలు నివారణ - దేశాంతర సహాయము

నెల్లూరు తీరగ్రామములలో, కాలు వాచి, చెప్పు పట్టక, వరిమడిలో దిగలేక అరుగుపై కూర్చుండిన వృద్ధులు నేటికిని కనిపించుచుందురు. ఇది పూర్వజన్మ కర్మమని కొందరు, ఊరి నీటి దోషమని కొందరు చెప్పుకొందురు. నిజమునకు ఇది దోమ మోసుకొని వచ్చు పురుగువలన కలుగు వ్యాధి. ఆంధ్రతీరమున ఈ వ్యాధి చిరకాలముగా పాతుకొనియున్న జిల్లాలలో నెల్లూరు ఒకటి.

ఈ పురుగు పేరు ఉకెరేరియా బాంక్రాఫ్టి. ఇది నూలుపోగువలె సన్నగానుండి, మన దేహములోని శోషరసనాళములలో సుమారు ఐదారు సంవత్సరములు జీవించును. నాళములు చెడిపోగా శోషరసము నిలిచి కాలు వాచును. ఆడపురుగు లక్షల కొలది పిల్లలను కనును. ఆ పిల్లలు పగలు లోపలి అవయవములలో దాగి, రాత్రి పది గంటలు మొదలు రెండు గంటల వరకు రక్తములో విశేషముగా సంచరించును. ఏలయన, వానిని మోయు క్యూలెక్సు దోమ కుట్టునది రాత్రియందే. అందుచేతనే పరీక్షకు రక్తమును రాత్రివేళ తీయుదురు. ఈ దోమ మురుగుకాలువలలో, నిలువయున్న మలినజలములో పెరుగును.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. మలేరియా క్రిమి దోమ కడుపులో వేలకొలదిగా వృద్ధిచెందును. బోదకాలు పురుగు అట్లు కాదు. పిల్లపురుగు దోమలో పది, పదునాలుగు దినములు పెరుగునే కాని సంఖ్యలో హెచ్చదు. కావున వ్యాధి అంటుటకు అనేకమారులు దోమకాటు తగులవలెను. ఊరివారి రక్తములో పిల్లపురుగులు మిక్కిలి తగ్గినచో దోమకు మోయుటకు ఏమియు దొరకదు. వ్యాధి ప్రసారము తనంతట తానే ఆగిపోవును.

ఈ పిల్లపురుగులను చంపు మందు డైఇథైల్ కార్బమజీను. దీనిని 1947 ప్రాంతమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువరించిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మందు దొరికినను అర్ధశతాబ్దమువరకు ప్రపంచవ్యాప్తమైన ప్రయత్నము సాగలేదు. రోగులు బీదలు, లాభము రాని మందును ఏ కంపెనీ అయినను విరివిగా తయారుచేయునా?

1997లో ప్రపంచ ఆరోగ్యసభ ఈ వ్యాధిని నిర్మూలింపవలెనని తీర్మానించెను. మరుసటి యేట స్మిత్‌క్లైన్ బీచమ్ కంపెనీ తోడుమందైన ఆల్బెండజోలును అవసరమున్నంతకాలము ఉచితముగా ఇత్తునని ప్రకటించెను. 2010లో జపానుకు చెందిన ఐసాయ్ కంపెనీ 220 కోట్ల డైఇథైల్ కార్బమజీను మాత్రలను ఇచ్చుటకు మాట ఇచ్చెను. ఆ మాత్రలు తయారైనది విశాఖపట్నములో! భీమవరమువాని నాయకత్వమున అమెరికాలో పుట్టిన మందు, జపాను వారి ధనముతో ఆంధ్రతీరమున మాత్రయై, దేశదేశములకు దానముగా పోయినది.

అయితే మాత్ర వచ్చినంతమాత్రమున వ్యాధి పోదు. సంవత్సరమునకు ఒకమారు చొప్పున నాలుగైదేండ్లకు తక్కువ కాకుండ, ఊరి జనములో నూటికి 65 మందియైనను మాత్రలు మ్రింగవలెను. వేయిమంది గల ఊరిలో తొమ్మిదివందల మందికి పంచి, ఐదువందల మందియే మ్రింగిరనుకొందము. లెక్కపుస్తకము గెలుచును, పురుగు బ్రదుకును. ఆరోగ్యముగానున్న తమకు మందేలయని కొందరు పారవేయుదురు. కాని వాపులేని వారి రక్తములోను పిల్లపురుగులు ఉండవచ్చును. మ్రింగినపిదప కొందరికి జ్వరము, తలనొప్పి వచ్చును. అది సాధారణముగా పురుగులు చచ్చుటచే కలుగునదే. ఒకటి రెండు దినములలో తగ్గును. రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రరోగులకు మాత్రము ఈ మందు ఇయ్యరు.

దాతృధనమునకును ఇట్టి పరీక్షయే కలదు. మందు పిల్లపురుగులను చంపును. పెద్దపురుగులలో కొన్నియే చచ్చును. మిగిలినవి మరల పిల్లలను కనును. కనుక మూడవయేట సహాయము ఆగినచో మొదటి రెండేండ్ల వ్యయము చాలవరకు వృథాయగును. 2006 నుండి అమెరికా ప్రభుత్వము ఇట్టి వ్యాధులకై నడపిన సహాయ కార్యక్రమము 2025లో నిలిచిపోయెను. మాత్ర ఉచితమే, కాని దానిని గ్రామమునకు చేర్చు బండికి, ఇంటింటికి తిరుగు కార్యకర్తకు ధనము కావలెను. పరధనముపైననే ఆధారపడిన దేశములలో మాత్ర గిడ్డంగిలోనే మిగులు ప్రమాదము కలదు. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేసికొనినవి. భారతదేశము 2027ను గడువుగా పెట్టుకొన్నది.

వ్యాధి ప్రసారము ఆగినదో లేదో తెలిసికొనుటకు అధికారులు పరీక్షించునది ఆరేడేండ్ల బాలుర రక్తమునే. పంపిణీ ఆరంభమైన తరువాత పుట్టిన బిడ్డలో పురుగు లేదన్నచో ఊరు గెలిచినదన్నమాట. ఇదివరకే వాచిన కాలు మాత్రలతో పూర్వస్థితికి రాదు. అయినను దినమును సబ్బుతో కడిగి, తడిలేకుండ తుడిచి, పుండ్లు పడకుండ కాపాడినచో బాధ తగ్గును. ఈ రెండు సంగతులను పాఠశాలలో నేర్చిన విద్యార్థి, ఇంట అరుగుపై కూర్చుండిన తాతకు చెప్పవలసినవాడు.