పదకొండు పెన్నీల దయ

1614వ సంవత్సరంలో బెన్ జాన్సన్ రచించిన ‘బార్తలోమ్యూ ఫెయిర్’ అనే నాటకం లండన్ ప్రేక్షకుల ముందుకు వచ్చింది. తిరునాళ్ళలో ఒక పాటగాడు జేబుదొంగల విషయమై జనాన్ని హెచ్చరిస్తూ పాట అందుకుంటాడు. జనం మైమరచి వింటారు. ఆ పాట సాగుతుండగానే అతని భాగస్వామి ఒక అమాయకుడి డబ్బుసంచిని కాజేస్తాడు! దొంగలను కనిపెట్టడానికి మారువేషంలో వచ్చిన న్యాయాధికారికి చివరకు దక్కినది బొండకొయ్య.

ఆనాటి ఇంగ్లండు సంత ఊళ్ళలో ఇది కేవలం నాటకం కాదు. మొలపట్టీకి వేలాడే సంచిని చిన్న కత్తితో కోయడం ఒక విద్య. దుస్తుల్లోకి వేళ్ళు పోనిచ్చి సొమ్ము లాగడం మరొక విద్య. ఒకడు తోసేవాడు, ఒకడు తీసేవాడు, ఇంకొకడు అందుకొని పారిపోయేవాడు. వీరిని పట్టవలసిన కానిస్టేబులో? జీతమూ లేదు, యూనిఫారమూ లేదు. ఊరిలోని రైతో, చెప్పులు కుట్టేవాడో వంతు ప్రకారం ఏడాదిపాటు మోయవలసిన బరువు అది. మన తలారికి వంశపారంపర్య హక్కూ, మాన్యమూ ఉండేవి. అతనికి అదీ లేదు. సొమ్ము పోయినవాడే కేకలు వేయాలి, ఊరివారు వెంబడించాలి, పట్టుబడ్డవానిపై ఖర్చు భరించి దావా నడుపవలసినవాడూ ఆ బాధితుడే.

చట్టం మాత్రం కఠోరమైనది. 12 పెన్నీలకు మించిన సొమ్మును ఒంటిమీద నుండి గుట్టుగా దొంగిలిస్తే, 1565 నాటి శాసనం ప్రకారం ఉరి తప్పదు. అయితే జ్యూరీలో కూర్చున్నవారు కూడా మనుషులే కదా! పోయిన సొమ్ము ఎంతదైనా, దాని విలువ 10 పెన్నీలనో 11 పెన్నీలనో తేల్చి ముద్దాయి ప్రాణం కాపాడిన సందర్భాలు అనేకం. ఈ ఉరిశిక్ష 1808 దాకా చట్టంలో నిలిచే ఉంది.

ఇంత క్రూరమైన చట్టం కూడా ఒక ప్రశ్న వేసేది: ఏ సంచి పోయింది? ఎవరి చేయి తీసింది? (జిప్సీల విషయంలో ఆ ప్రశ్న కూడా లేదు. జిప్సీ కావడమే నేరమన్న శాసనం అక్కడ 1783 వరకు ఉన్నది.) సంత ఊరిలో అపరిచితుడే మొదటి అనుమానితుడు. 1955 నాటి సోవియట్ ఒప్పందం తరువాత తెలుగువారితో సహా దేశపు నలుమూలల వారు చేరి నిర్మించుకున్న భిలాయి ఉక్కునగరం వంటి చోట, పరాయివాడని ఎవరు ఎవరిని వేలెత్తి చూపగలరు? కాని అదే తెలుగునేల మీద, కోస్తాలో, ఒక జాతి మొత్తం తన గడ్డపైనే అనుమానితురాలైంది.

ఎరుకలవారు గాడిదలపై ఉప్పు, ధాన్యం వేసుకొని కోస్తా నుండి లోపలి ఊళ్ళకు తిరిగి అమ్ముకొనేవారు. రైళ్ళు వచ్చాయి, ప్రభుత్వపు ఉప్పు విధానం మారింది, వ్యాపారం కూలిపోయింది. తిరుగుట వారి వృత్తి గనుక, వృత్తి పోయినా తిరుగుట మిగిలింది. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. పేర్లు నమోదు చేశారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు, ఊరు దాటడానికి అనుమతిచీటీ కావాలన్నారు. నమోదైన వ్యక్తి దొంగతనానికి సిద్ధంగా ఉన్నట్లు పరిస్థితులను బట్టి కోర్టుకు తోస్తే మూడేళ్ళ వరకు జైలు. సంచి తెగనక్కరలేదు. కనుక 11 పెన్నీలకు తగ్గించడానికి అక్కడ ఏ వస్తువూ లేదు!

1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్మెంట్ వెలసింది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేర అది స్టువర్టుపురమైంది. సంస్కరణ పేరిట వ్యవసాయం, క్రమశిక్షణ, పిల్లలకు చదువు చెప్పారు. చీరాల పొగాకు కర్మాగారానికి అక్కడి మనుషులే కూలీలయ్యారు. ఇది దయయా, చవక కూలీయా? రెండూ కలిసే ఉన్నాయనడం న్యాయం. నేరాలు చేసినవారు అక్కడ లేరనడం మాత్రం సత్యదూరం. చేయనివారికి కూడా అదే పేరు అంటగట్టడమే అన్యాయం.

1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఆ వెనుకనే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి కూర్చున్నాయి. 1970ల నుండి హేమలతా లవణం దంపతులు స్టువర్టుపురంలో సంస్కరణకు శ్రమించారు. అయినా 1991లో చిరంజీవి సినిమాకు ఆ ఊరి పేరు పక్కన పోలీస్ స్టేషన్ చేర్చడమే చాలింది.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు నిబంధనలలోని కులవివక్షను కొట్టివేస్తూ, విముక్త జాతులవారిని పుట్టుకతో నేరస్థులుగా చూడరాదని చెప్పింది. జైలు రిజిస్టర్లలోని కులం గడిని తొలగించవలసిందిగా ఆదేశించింది.