కౌన్సెలింగు మెట్లు ఎక్కే ముందు



అత్తిబెలెలో బస్సు దిగి హోసూరు రోడ్డు పక్కన నాలుగడుగులు నడవండి. జిరాక్సు అంగడి, మందుల అంగడి, సెల్‌ఫోను రిపేరు అంగడి, వాటి పైన మేడమీద 'కౌన్సెలింగ్ సెంటర్' అని ఒక బోర్డు. ఇలాంటి బోర్డులు ఇప్పుడు మన సరిహద్దు ఊళ్లకు కొత్త కాదు. ఫ్యాక్టరీలో నైటు షిఫ్టు చేసి నిద్ర పట్టని కుర్రాడు, కాన్పు తరువాత ఊరికే ఏడుపు వస్తున్న కోడలు, పరీక్ష పేరు వింటేనే వాంతి చేసుకునే పిల్లవాడు, ఇలాంటివాళ్లు ఆ మెట్లదాకా వస్తారు. కొందరు సగం మెట్లెక్కి దిగిపోతారు. ఎవరైనా చూస్తారేమో, ఎంత అడుగుతారో, లోపల ఏం చేస్తారో అని సందేహం. ఆ మెట్లు ఎక్కే ముందు తెలుసుకోవలసిన సంగతులు ఈ రోజు చెప్పుకుందాం.

మొదట సిగ్గు సంగతి. మన సరిహద్దులో మూడు భాషలున్నాయి, మూడింటిలోనూ మనసు బాగాలేనివాణ్ణి ఎగతాళి చేయడానికి ఒక ఊరిపేరో ఆస్పత్రిపేరో ఉంది. హైదరాబాదువాళ్లు ఎర్రగడ్డ అంటారు, తమిళులు కీల్పాక్ అంటారు, ఇక్కడ నిమ్హాన్స్ అంటారు. ఆ నిమ్హాన్స్ ఉన్నది కూడా ఈ హోసూరు రోడ్డుమీదే, అత్తిబెలెనుంచి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో. 1974లో ఏర్పడిన ఆ సంస్థలో రోజూ ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది మందు రాయించుకునో మాట్లాడి వెళ్లేందుకో వచ్చినవాళ్లే. సాయంత్రానికి ఇంటికి పోయి వంట చేసుకునేవాళ్లే.

ఇక బోర్డు సంగతి. అక్కడ కూర్చున్నవారు ఎవరు? మూడు రకాలవారిని మనం ఒకే గాటన కడుతుంటాం. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆ పైన మానసిక వైద్యంలో పట్టా తీసుకున్న డాక్టరు. మందు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. వీరిలో ఎక్కువమందికి ఆస్పత్రిలో రెండేళ్ల ఎం.ఫిల్. శిక్షణ ఉంటుంది, భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషను ఉంటుంది. ఆ మండలిని రీహాబిలిటేషన్ కౌన్సిల్ అంటారు. మూడవవారు కౌన్సెలర్లు. చిక్కంతా ఇక్కడే. మనస్తత్వశాస్త్రంలోనో సమాజసేవలోనో ఎం.ఏ. చదివి, పెద్దల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పని నేర్చుకున్నవారూ కౌన్సెలరే. కొద్దివారాల కోర్సు చేసి సర్టిఫికెట్టుకు అద్దం కట్టించుకున్నవారూ కౌన్సెలరే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తినీ తన పరిధిలోకి తెచ్చింది. అయినా బోర్డు ఒక్కటే చూసి నమ్మే పరిస్థితి లేదు. కాబట్టి అడగండి. "ఏం చదివారండీ? ఎక్కడ శిక్షణ తీసుకున్నారు? నాలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లను ఇంతకుముందు చూశారా? రిజిస్ట్రేషను నంబరు ఉందా?" ఇవి మర్యాదకు లోటైన ప్రశ్నలు కావు. ఇంటికి బోరు వేయించేటప్పుడు ఇంతకు పదింతలు అడుగుతాం కదా! మంచి కౌన్సెలరు ఈ ప్రశ్నలకు నవ్వుతూ జవాబు చెబుతారు. చికాకు పడితే అదీ ఒక జవాబే అనుకోండి.

కొన్ని ఇబ్బందులకు కౌన్సెలింగుకన్నా ముందు డాక్టరు కావాలి. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట లేకుండా తిరగడం, చనిపోవాలన్న ఆలోచన గట్టిపడటం, ఇలాంటప్పుడు వారం తరువాతి అపాయింట్‌మెంటు కోసం కాచుకోకూడదు. బాగా తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్సు రావచ్చు. అది మాటలతో తీరేది కాదు. థైరాయిడ్ తక్కువైనా నీరసం, దిగులు కనబడతాయి, రక్తపరీక్ష చేయించకుండా ఆ సంగతి తెలియదు. ఇప్పటికే మందులు వాడుతుంటే కౌన్సెలరుకు చెప్పండి, కాని ఆయన మాటమీద మందు ఆపవద్దు. ఆపాలో తగ్గించాలో చెప్పవలసింది రాసిచ్చిన డాక్టరు.

ఇప్పుడు భాష. ఈ విషయం దగ్గర కాస్త నిలబడదాం, మన ప్రాంతంలో అసలు కష్టం ఇదే కాబట్టి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, హోసూరు సంతలో తమిళం, కంపెనీలో ఇంగ్లీషు. బేరం ఏ భాషలోనైనా చేస్తాం. ఏడుపు మాత్రం ఇంటి భాషలోనే వస్తుంది. దిగులు, బెంగ, గుబులు, విసుగు, వెగటు ఒకటి కావు. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన భార్యమీద ఉండేది బెంగ. ఫోను మోగితే చాలు ఏం కబురో అని గుండె కొట్టుకోవడం గుబులు. ఇవన్నీ ఇంగ్లీషులో ఒకటి రెండు మాటల్లో సర్దితే కౌన్సెలరుకు అందేది సగమే. అందుకే ఫోనులోనే అడగండి: "మీకు తెలుగు వస్తుందా? ఎంత వస్తుంది? నేను మధ్యలో కన్నడం కలిపితే సరేనా?" రాదంటే ఏ భాషలో కుదురుతుందో ముందే తేల్చుకోండి.

ఒక పని మాత్రం చేయవద్దు. ఇంగ్లీషు వచ్చిన పిల్లను తర్జుమాకు కూర్చోబెట్టవద్దు. పన్నెండేళ్ల కూతురు పక్కనుండగా తల్లి తన కాపురంలోని కష్టం ఎలా చెబుతుంది? చెప్పినా, ఆ మాటలు మరొకరికి అప్పజెప్పవలసిన భారం ఆ పిల్లకెందుకు?

తెలుగు కౌన్సెలరు దగ్గరలో దొరకకపోతే తిరుపతిలోనో హైదరాబాదులోనో ఉన్నవారితో వీడియోలో మాట్లాడవచ్చు. ఎంతోమందికి అది బాగానే కుదురుతోంది. అయితే రెండు గదుల ఇంట్లో, అవతల అత్తగారు టీవీ చూస్తుండగా మనసు విప్పడం సాధ్యమా? ఆ ముప్పావుగంట ఎక్కడ కూర్చుంటారో ముందే చూసుకోవాలి. మిద్దెమీదికి పోయేవారున్నారు, ఆగిన కారులో కూర్చునేవారున్నారు. అందులో తప్పేమీ లేదు.

గుట్టు సంగతి కూడా మొదటిరోజే తేల్చుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందే మనిషికి గోప్యత హక్కు ఇచ్చింది. దానికి హద్దులున్నాయి. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, కోర్టు ఆదేశిస్తే, గుట్టు విప్పవలసి రావచ్చు. పిల్లలమీద లైంగిక అత్యాచారం సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. మరి ఇంట్లోవాళ్ల మాటేమిటి? కౌన్సెలరుకు ఫోను చేసి, "మా కోడలు ఏం చెప్పింది సార్?" అని అడిగే అత్తగార్లు మనకు కొత్త కాదు. "ఆమె ఒప్పుకోకుండా చెప్పలేనమ్మా" అనేదే సరైన జవాబు. డబ్బు కట్టేది మీ ఆయనైనా ఆ జవాబు మారకూడదు. భార్యాభర్తలు కలిసి వెళ్తే, ఒకరు విడిగా చెప్పింది రెండోవారికి చెబుతారా లేదా అని ముందే అడగండి. చిన్న ఊరు కాబట్టి మరో మాట: రిసెప్షనులో కూర్చున్న అమ్మాయి మీ వీధి పిల్లే కావచ్చు. రాసుకున్న కాగితాలు ఎవరు చూస్తారో అడగడానికి మొహమాటపడవద్దు.

ఫీజు దగ్గరా మొహమాటం వద్దు. ఒక సిట్టింగు మామూలుగా నలభైఅయిదు నిమిషాలనుంచి గంట ఉంటుంది, వారానికొకసారి రమ్మంటారు. మాటవరసకు సిట్టింగుకు వెయ్యి రూపాయలనుకుంటే ఎనిమిది వారాలకు ఎనిమిది వేలు. బస్సు చార్జీ, పోయిన సగంరోజు కూలి కూడా కలపండి. రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, చెప్పకపోతే ఫీజు పోతుందా, తక్కువ ఆదాయం ఉన్నవారికి తగ్గిస్తారా అని అడగండి. పది సిట్టింగుల డబ్బు ముందే కట్టమనేచోట నేనైతే కట్టను. మొదటి రెండుసార్లలో నచ్చకపోతే వెనక్కు ఎవరిస్తారు? మానసిక జబ్బుకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టంలో ఉంది. కాని చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరిన ఖర్చే ఇస్తాయి. మీ పాలసీ కాగితం చదివించుకోండి.

అంత డబ్బు లేనివారికి దారి లేదా? ఉంది. నిమ్హాన్స్ ఓపీకి వెళ్లవచ్చు. బొమ్మసంద్రనుంచి ఆర్.వి. రోడ్డుకు 2025 ఆగస్టులో మెట్రో వచ్చాక సిల్కు బోర్డు ట్రాఫిక్కు బాధ కొంత తప్పింది కూడా. ఓపీలో చాలాసేపు కాచుకోవాలి, అన్నం డబ్బా తీసుకుపోండి. జిల్లాల్లోనూ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది. నిమ్హాన్స్ వైద్యులు 1980లలో మన బళ్లారి జిల్లాలో చేసి చూపిన పద్ధతే 1996లో దేశవ్యాప్త పథకానికి దారి చూపింది. చిత్తూరు, కృష్ణగిరి, కోలారు, ఏ వైపువారైనా జిల్లా ఆస్పత్రిలో విచారించండి.

మొదటి సిట్టింగులో ఏం జరుగుతుంది? ఎక్కువగా ప్రశ్నలే. ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరు, ఇంతకుముందు ఏం వైద్యం జరిగింది. "ఏం చేయాలో చెప్పనేలేదు, ఊరికే విన్నారు, దీనికి డబ్బులా?" అని కొందరు నిరాశపడతారు. సలహా చెప్పడానికి ఊళ్లో పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. కౌన్సెలరు పని వేరు. మీ ఆలోచన ఎక్కడ మెలికపడుతోందో మీతోనే చూపిస్తారు. ఇంట్లో చేయవలసిన చిన్న పనులూ ఇస్తారు: భయం వచ్చిన వేళ రాసుకోవడం, మానుకున్న పనిని కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టడం. పాత గాయం కదిలినందువల్ల మొదటివారం బాధ పెరిగినట్టు అనిపించవచ్చు. ఆ మాట తరువాతి సిట్టింగులో చెప్పండి.

నాలుగైదు సిట్టింగులయ్యాక ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోవాలి: నిద్ర మారిందా, పనికి వెళ్లగలుగుతున్నారా? మార్పు లేకపోతే పద్ధతి మార్చమనవచ్చు, మరొకరి దగ్గరకు పంపమనవచ్చు. మూడు సిట్టింగుల్లో నయం చేస్తానని హామీ ఇచ్చేవారు, పెళ్లి చేస్తే అంతా సర్దుకుంటుందనేవారు, మిమ్మల్ని తాకేవారు, అప్పు అడిగేవారు, అడగకుండా మీ మాటలు రికార్డు చేసేవారు ఎదురైతే మాత్రం లెక్క చూసేదాకా ఆగనక్కరలేదు, లేచి వచ్చేయండి.

వెళ్లే ముందురోజు ఒక కాగితంమీద మూడు సంగతులు రాసుకోండి: ఎక్కువగా బాధపెడుతున్నది ఏది, వాడుతున్న మందులేవి, ఏది మారితే బాగుపడ్డానని మీరు అనుకుంటారు. లోపలికి వెళ్లాక నోరు పెగలకపోతే ఆ కాగితం అందించండి, చాలు.

ఇంకా మెట్లెక్కడానికి ధైర్యం రానివారికి, రాత్రివేళ మనసు కుదురుగా లేనివారికి ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఉంది. ఫోను చేసినందుకు డబ్బు కట్టనక్కరలేదు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు 14416. పెన్ను దగ్గరున్నవారు రాసుకోండి, మళ్లీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

సెలవు.