పాత ఇంట్లో స్నానాలగది మార్పులు: రోగి ఇంటికి చేరకముందే తెలుసుకోవలసిన పైపుల సంగతులు

తుంటి ఎముక ఆపరేషన్ అయినవారిని, పక్షవాతం నుండి కోలుకుంటున్నవారిని ఇంటికి పంపే ముందు కుటుంబసభ్యులను మేము ఒక ప్రశ్న తప్పక అడుగుతాము. "మీ ఇంట్లో మరుగుదొడ్డి ఎలాంటిది?" చాలామంది ఇలా చెబుతారు: "పాత ఇల్లండీ, ఇండియన్ సీటే ఉంది. ఈ వారంలో కమోడు పెట్టించేస్తాం."

మంచి ఆలోచనే. అయితే ఒక పెద్దావిడ సంగతి వినండి. ఆమెకు ఆపరేషన్ బాగా జరిగింది. కొడుకు ప్రేమతో పాత స్నానాలగదిని పగలగొట్టించి కొత్త టైల్సు, కొత్త కమోడు పెట్టించాడు. ఇంటికి వెళ్ళిన కొద్దిరోజులకే ఆమె మళ్ళీ పడి ఆసుపత్రికి వచ్చింది. "కమోడు దగ్గర కాదు సిస్టరమ్మా, లోపలికి అడుగు పెట్టేచోట పడ్డాను. ఇదివరకు అక్కడ మెట్టు లేదు" అని చెప్పింది.

ఆ మెట్టు పైపుల వల్ల వచ్చింది. స్నానాలగదిలో రోగి క్షేమం పైకి కనిపించే టైల్సుతో కాదు, నేల కింద, గోడ లోపల ఉండే పైపులతో మొదలవుతుంది. అందుకే ఆ పని గురించి ఇక్కడ వివరంగా తెలియజేస్తున్నాము.

నేల ఎందుకు ఎత్తు పెరుగుతుంది?

ఈ రోజుల్లో కట్టే అపార్టుమెంట్లలో స్నానాలగది స్లాబును మిగతా గదులకంటే సుమారు అడుగు కిందకు దించి పోస్తారు. పైపులన్నీ ఆ పల్లంలో ఇమిడిపోతాయి. పాత ఇళ్ళలో ఈ ఏర్పాటు ఉండదు. పెంకుటిళ్ళలోనైతే మరుగుదొడ్డి పెరట్లో వేరుగా ఉండేది. తరువాత ఎప్పుడో వసారాలో ఒక మూల గోడ కట్టి స్నానాలగదిగా మార్చుకున్నారు. అలాంటిచోట కొత్త మురుగు పైపు వేయాలంటే పాత గచ్చు మీదనే పైపు పరచి, దానిపైన కాంక్రీటు నింపి టైల్సు వేయడం పనివారికి సులభం.

లెక్క చూడండి. కమోడు నుండి వచ్చే పైపు వెడల్పు 4 అంగుళాలు. మలినం నిలవకుండా పోవాలంటే ప్రతి 4 అడుగులకు సుమారు 1 అంగుళం వాటం ఇవ్వాలి. కమోడు బయటి గోడకు 8 అడుగుల దూరంలో ఉంటే వాటానికే 2 అంగుళాలు కావాలి. కాంక్రీటు, టైలు మందం కూడా కలిపితే నేల 7, 8 అంగుళాలు పైకి వస్తుంది. వాకర్ పట్టుకుని నడిచే మనిషికి అది పెద్ద అడ్డంకి.

దీనికి మందు సులభమే. కమోడును వీలైనంతవరకు బయటి గోడకు ఆనించి పెట్టించండి. 'పి-ట్రాప్' రకం కమోడుకు వెనుకవైపు, నేలకు సుమారు 7 అంగుళాల ఎత్తులో మురుగు దారి ఉంటుంది. గోడకు రంధ్రం చేసి బయటి పైపుకు కలిపితే సరిపోతుంది. నేలను ఎత్తు చేయవలసిన పని ఉండదు.

పాత ఇండియన్ సీటు ఉన్నచోటనే పెట్టాలంటే నేలలోకి దిగే 'ఎస్-ట్రాప్' రకం కావాలి. అప్పుడు రెండు సంగతులు గమనించండి. మొదటిది, గోడ నుండి నేలలోని రంధ్రం మధ్యకు ఎంత దూరమో టేపుతో కొలవండి. కమోడులు 9 అంగుళాలు, 12 అంగుళాలు వంటి వేర్వేరు కొలతలలో వస్తాయి. కొలత తీసుకోకుండా కొనవద్దు. రెండవది, పాత సీటు కింద ఉన్న పింగాణీ ట్రాప్‌ను తీసివేయించండి. కమోడులోనే ఒక ట్రాప్ ఉంటుంది. రెండు ట్రాపులు ఒకదాని వెంట ఒకటి ఉంటే తరచుగా మురుగు ఆగిపోతుంది.

నేల ఎత్తు పెంచక తప్పకపోతే మెట్టు బదులు వాలుబాట కట్టించండి. ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు చొప్పున ఉండాలి. 4 అంగుళాల ఎత్తుకు 4 అడుగుల వాలుబాట అన్నమాట.

కమోడు ఎత్తు కూడా ముఖ్యమే. కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్ళు తుంటికంటే పైకి లేవకూడదు. సీటు సాధారణంగా నేల నుండి 16 నుండి 18 అంగుళాల మధ్య ఉంటుంది. మీ రోగికి ఎంత కావాలో ఇంటికి వెళ్ళేముందే డాక్టరుగారిని, ఫిజియోథెరపీ వారిని అడిగి కాగితం మీద రాసుకోండి.

రెండు అంగుళాల నీరు చేసే కాపలా

మురుగు పైపుకు మొదట్లో ఒక వంపు ఉంటుంది. దానినే ట్రాప్ అంటారు. నేలమీద జాలీ కింద ఉండేదానిని పనివారు నహానీ ట్రాప్ అంటారు. ఈ వంపులో సుమారు 2 అంగుళాల లోతున ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. మురుగు పైపులోని దుర్గంధాన్ని, బొద్దింకలను, క్రిములను ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీరే.

2003లో హాంకాంగ్‌లోని ఏమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్లలో 300 మందికి పైగా సార్స్ వ్యాధి సోకింది. స్నానాలగదుల నేలమీది ట్రాపులలో నీరు ఎండిపోవడం, మురుగు పైపులోని గాలిని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గదిలోకి లాగడం వ్యాధి వ్యాపించడానికి ఒక మార్గమని అక్కడి పరిశోధనలో తేలింది.

రోగితోపాటు మీరంతా వారాల తరబడి ఆసుపత్రిలో ఉంటే మీ ఇంట్లో ట్రాపులు కూడా ఎండిపోతాయి. ఇరుగుపొరుగువారికి తాళం ఇచ్చి, వారానికోసారి ప్రతి జాలీలోను రెండు చెంబుల నీళ్ళు పోయమనండి.

ఫ్లష్ చేసినప్పుడు నేల జాలీలో 'గుడగుడ' శబ్దం వస్తోందా? మురుగు పైపుకు గాలి అందడం లేదని, ట్రాపులోని నీటిని అది లాగేస్తోందని అనుమానించాలి. మురుగు పైపును ఇంటి కప్పుకంటే పైకి పొడిగించి గాలి గొట్టంగా వదిలిపెట్టాలి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నని దోమల జాలీ కట్టండి. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలు సెప్టిక్ ట్యాంకులలో పెరుగుతాయి. ట్యాంకు నిండితే యంత్రంతోనే తీయించండి. మనిషిని ఎన్నడూ లోపలికి దించకండి. విషవాయువులు క్షణాలలో ప్రాణం తీస్తాయి. 2013 నాటి చట్టం ప్రకారం అది నేరం కూడా.

మంచినీటి పైపులు

పాత ఇళ్ళలో ఎక్కువగా జి.ఐ. పైపులు ఉంటాయి. కాలం గడిచేకొద్దీ వీటికి లోపల తుప్పు పేరుకుని దారి ఇరుకవుతుంది. పొద్దున్నే కొళాయి తిప్పగానే ఎర్రటి నీరు రావడం, ధార సన్నబడటం దీనికి గుర్తులు.

అసలు ప్రమాదం కంటికి కనిపించనిది. మన ఊళ్ళలో నీటి సరఫరా రోజుకు కొద్ది గంటలే ఉంటుంది. నీరు ఆగిపోయినప్పుడు ఖాళీ పైపు పక్కనున్న తడిని లోపలికి పీల్చుకోగలదు. తుప్పుపట్టి చిల్లుపడిన పైపు మురుగు పక్కనుండి వెళుతుంటే ఏమవుతుందో ఊహించండి. టైఫాయిడ్, విరేచనాలు, కలరా, కామెర్లు ఇలాగే వస్తాయి. ఆపరేషన్ అయి నీరసంగా ఉన్న రోగికి ఇవి మరింత ప్రమాదం.

కాబట్టి గోడ తెరిచినప్పుడే పాత జి.ఐ. పైపులను పూర్తిగా మార్పించండి. మంచినీటి పైపు, మురుగు పైపు ఒకే గాడిలో వేయనీయకండి. నేలలో రెండూ దాటవలసివస్తే మంచినీటిది పైన ఉండాలి. కమోడు పక్కన ఉండే చేతి స్ప్రేను బకెట్టు నీళ్ళలో మునిగేలా వదిలేయకండి. పైపు ఖాళీ అయినప్పుడు ఆ నీరు వెనక్కి పోయే అవకాశం ఉంది. వేడినీటికి మామూలు పి.వి.సి. పైపు పనికిరాదు, మెత్తబడిపోతుంది. సి.పి.వి.సి. పైపు వేయించండి. ఏది కొన్నా ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి.

వేడినీరు, కరెంటు

ఇది చాలామందికి తెలియని సంగతి. కొన్ని పాత ఇళ్ళలో కరెంటు ఎర్తు తీగను ఇనుప నీటి పైపుకే చుట్టి ఉంచేవారు. ఆ పైపును తీసి ప్లాస్టిక్ పైపు వేయగానే ఎర్తు తెగిపోతుంది. గీజరులో లోపం వస్తే నీళ్ళు ముట్టుకున్నవారికి షాక్ కొడుతుంది. అందువలన పైపులు మార్చినరోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తు పరీక్ష చేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించండి.

60 డిగ్రీల వేడినీరు ఐదారు సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలదు. చక్కెర వ్యాధి, పక్షవాతం ఉన్నవారికి స్పర్శ తగ్గి వేడి తెలియకపోవచ్చు. బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి తరువాత వేడినీళ్ళు కలపండి. తోడుగా ఉన్నవారు మోచేతితో చూసిన తరువాతనే రోగి ఒంటిమీద పోయాలి. గ్యాసు గీజరును స్నానాలగది లోపల ఎన్నడూ పెట్టవద్దు. దానినుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

పట్టుకునే కమ్మీలు, తలుపు

లేచేటప్పుడు రోగి దగ్గరలో ఉన్న కొళాయినో, తువ్వాలు వేసుకునే కడ్డీనో పట్టుకుంటాడు. అవి ఊడివస్తాయి. కమోడు పక్కన, స్నానం చేసేచోట, నేల నుండి 33 నుండి 36 అంగుళాల ఎత్తులో గట్టి స్టీలు కమ్మీలు బిగించండి. పాత సున్నపు గోడలలో, మట్టి గోడలలో మామూలు స్క్రూలు నిలవవు. గోడ అవతలికి బోల్టు దూర్చి, వెనుక ఇనుప పలక వేసి బిగించాలి. బిగించాక ముందు మీరే మీ బరువంతా వేసి చూడండి. ఒక్క ఇటుక మందపు సన్న గోడకు పైపుల కోసం అడ్డంగా లోతైన గాడి కొట్టనీయకండి. గోడ బలహీనపడుతుంది.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, రోగి పడిపోయి దానికి అడ్డంగా ఉన్నప్పుడు మీరు లోపలికి వెళ్ళలేరు. బయటినుండి కూడా తీయగలిగే గడియ పెట్టండి.

పని జరిగేటప్పుడు

పగలగొట్టే పని రోగి ఇంట్లో ఉండగా చేయకండి. పాత గోడల దుమ్ములో బూజు క్రిములు ఉంటాయి. కేన్సరు మందులు వాడుతున్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అవి ఊపిరితిత్తులలో వ్యాధి కలిగించగలవు. పాత ఆస్బెస్టాస్ గొట్టాలుంటే పొడిగా రంపంతో కోయనీయకండి. నీళ్ళతో తడిపి, పగలకుండా విప్పించండి. పని పూర్తయ్యాక యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి కడగవద్దు. దానివల్ల విషవాయువు పుడుతుంది.

టైల్సు వేయకముందే మూడు పరీక్షలు

1. కొళాయిల చోట్లు మూసి, కొత్త పైపులలో నీరు నింపి ఒక రోజు ఉంచండి. ఎక్కడా చెమ్మ కనిపించకూడదు.

2. నేల జాలీ మూసి, గచ్చు మీద నీరు నిలబెట్టి ఒక రోజు చూడండి. గోడల అడుగున, కింది గదిలో తడి రాకూడదు.

3. జాలీ తెరిచి, నీరంతా దానివైపే పోతోందో లేదో చూడండి. నీరు నిలిచేచోట రేపు పాచి పడుతుంది, రోగి జారుతాడు.

వాడకం మొదలుపెట్టే ముందు ట్యాంకు కడిగించండి. 1000 లీటర్ల నీటికి 150 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరును బకెట్టులో కలిపి, తేరిన నీటిని ట్యాంకులో పోయండి. ప్రతి కొళాయి దగ్గర ఆ వాసన వచ్చేవరకు వదిలి, రాత్రంతా ఉంచండి. మరునాడు మొత్తం పారబోసి, మంచినీరు నింపి, వాసన పోయేవరకు కొళాయిలు వదలండి. ఇది పైపులు శుభ్రం చేసే మోతాదు మాత్రమే. ఆ నీరు తాగడానికి, వంటకు, స్నానానికి వాడరాదు.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే

అంతా ఒకేసారి చేయించలేమని బాధపడకండి. గట్టి కమ్మీలు, బయటికి తెరుచుకునే తలుపు, జారని నేల, ఎర్తు పరీక్ష ముందు చూసుకోండి. కమోడు పనికి కొంత వ్యవధి కావాలంటే, అంతవరకు మంచం పక్కన పెట్టుకునే కమోడు కుర్చీ వాడవచ్చు. తొందరపడి మెట్టు కట్టించుకోవడం కంటే అది ఎంతో మేలు.

డిశ్చార్జికి ముందే స్నానాలగది కొలతలు, వీలైతే ఒక ఫోటో తీసుకుని మా ఫిజియోథెరపీ విభాగానికి రండి. మేస్త్రీకి ఏమి చెప్పాలో కలిసి నిర్ణయిద్దాం. ప్రభువు మీ ఇంటిని, మీ ఇంటికి చేరుతున్న రోగిని క్షేమంగా కాపాడును గాక.