మీ ఇంటి అవసరం ఊరి ప్రణాళికలోకి చేరాలంటే: సంఘం, పంచాయతీ, స్వచ్ఛంద సంస్థలు కలిసి పనిచేసే విధానం

ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లోని పొదుపు సంఘాల సభ్యులు, పింఛనుదారులు, సంక్షేమ పథకాల లబ్ధిదారుల కోసం

పథకం ఉందని మీరు విన్నారు. పక్కింటి వాళ్లకు వచ్చింది. మీకు రాలేదు. సచివాలయానికి వెళ్తే ఒక సర్టిఫికెట్ తెమ్మన్నారు, ఆ సర్టిఫికెట్ కోసం వెళ్తే ఆసుపత్రికి పొమ్మన్నారు, ఆసుపత్రికి వెళ్లిన రోజున డాక్టరు లేరు. ఒక్కో తిరుగుడుకు ఒక రోజు కూలి పోతుంది. మూడోసారికి చాలామంది విసుగొచ్చి వదిలేస్తారు. అర్హత ఉండీ పథకం అందకపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఒక్కో కార్యాలయానికి మీ సమస్యలో ఒక ముక్కే కనిపిస్తుంది. బ్యాంకుకు ఖాతా కనిపిస్తుంది, ఆసుపత్రికి రోగం కనిపిస్తుంది, పంచాయతీకి వీధి కనిపిస్తుంది. ఇల్లు మొత్తం తెలిసేది మీ సంఘానికే. అందుకే ఈ ముక్కలన్నీ ఒకచోట కలిపే పని పొదుపు సంఘాలకు, వాటి గ్రామ సంఘానికి అప్పగించారు. అది ఎలా జరుగుతుందో, అందులో మీరు ఏం చేయాలో ఈ పత్రంలో చూద్దాం.

ఎవరెవరు కలుస్తారు? ఎవరి పని ఏది?

• పొదుపు సంఘం: మీ ఇంటి అవసరం మొదట చెప్పుకోవాల్సిన చోటు. సమావేశంలో చెప్పిన మాట మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాయని మాట రెండు నెలలకు ఎవరికీ గుర్తుండదు.

• గ్రామ సంఘం: ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసినది. అన్ని సంఘాల అవసరాలు ఇక్కడ ఒక జాబితా అవుతాయి. మనం వీఓఏ అనో యానిమేటర్ అనో పిలిచే అక్క ఈ వివరాలు నమోదు చేస్తారు.

• మండల సమాఖ్య: గ్రామ సంఘాలన్నింటికీ పైన ఉండేది. ఊళ్లో తేలని విషయాన్ని మండల అధికారుల దగ్గరికి తీసుకెళ్తుంది. ఇది ప్రభుత్వ కార్యాలయం కాదు. చట్టప్రకారం రిజిస్టరైన, సభ్యుల సొంత సంస్థ. దాంట్లో మీకూ భాగం ఉంది.

• గ్రామ పంచాయతీ: వీధి దీపాలు, కాలువలు, తాగునీరు, పారిశుద్ధ్యం దీని పని. ఏడాది ప్రణాళికను గ్రామసభ ముందు పెట్టి ఆమోదం తీసుకుంటుంది.

• గ్రామ సచివాలయం: పథకాల దరఖాస్తులు, సర్టిఫికెట్లు, పింఛన్లు, రేషన్ కార్డు పనులు.

• అంగన్‌వాడీ, ఆశా, ఏఎన్ఎం: గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు, మంచాన పడినవాళ్ల వివరాలు వీళ్లకు తెలుస్తాయి.

• బ్యాంకు: ఖాతా, రుణం, బీమా.

• స్వచ్ఛంద సంస్థలు: కంటి పరీక్షలు, దివ్యాంగులకు పరికరాలు, పిల్లల చదువు, నైపుణ్య శిక్షణ లాంటి పనుల్లో తోడుంటాయి. పథకం మంజూరు చేసే అధికారం మాత్రం వీటికి లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇది మనకు కొత్తేమీ కాదు

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న మహిళలు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు ఉద్యమం బలపడింది. చదువు కోసం మొదలైన కూడిక ఊరి అవసరాన్ని పట్టుకుంటే ఎంత దూరం వెళ్తుందో చూపించింది మన మహిళలే.

108 అంబులెన్సు కూడా ఇలా పుట్టిందే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఒక లాభాపేక్ష లేని సంస్థ దీన్ని మొదలుపెట్టింది. తర్వాత ప్రభుత్వం చేయి కలిపింది. అలా చేయి కలిపినందుకే అది ఊరూరికీ చేరింది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ పల్లెలకు దగ్గరగా విజన్ సెంటర్లు పెట్టింది. అక్కడ చూపు పరీక్షించి కళ్లద్దాలు ఇస్తారు, ఆపరేషన్ అవసరమైతే పెద్ద కేంద్రానికి పంపిస్తారు. ఎవరి వంతు పని వాళ్లు చేసి, తర్వాతి వాళ్లకు అప్పగించడమే ఇందులోని కిటుకు.

ఊరి ప్రణాళికలో మీ పేరు ఎలా చేరుతుంది?

ఏటా పొదుపు సంఘాలు తమ వంతుగా ఒక గ్రామ ప్రణాళిక తయారు చేస్తాయి. దీన్నే వీపీఆర్పీ అంటారు. పంచాయతీ తన వంతుగా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అంటే జీపీడీపీ తయారు చేస్తుంది. మొదటిది రెండోదాంట్లో కలవాలి. దశలు ఇవీ:

1. సంఘం సమావేశంలో ఒక్కో సభ్యురాలి ఇంటి గురించి అడుగుతారు. రేషన్ కార్డు, పింఛను, ఇల్లు, మరుగుదొడ్డి, గ్యాస్, బ్యాంకు ఖాతా, బీమా, ఉపాధి పని: వీటిలో ఏది ఉంది, ఏది లేదు?

2. జీవనోపాధి గురించి అడుగుతారు. గేదె కావాలా, కుట్టు మిషనా, చిన్న దుకాణమా, శిక్షణా?

3. ఊరందరికీ కావాల్సినవి గ్రామ సంఘం చర్చిస్తుంది. బోరు చెడిపోయిందా, శ్మశానానికి దారి లేదా, అంగన్‌వాడీ కప్పు కారుతోందా?

4. బాల్యవివాహం, తాగుడు, ఇంట్లో హింస లాంటి సామాజిక సమస్యలూ ఇందులో రాయవచ్చు.

5. గ్రామ సంఘం అన్నీ కలిపి, గ్రామసభలో పంచాయతీకి అందజేస్తుంది. ప్రణాళిక కోసం జరిగే గ్రామసభలు సాధారణంగా అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. కాబట్టి అంతకు ముందే మీ సంఘంలో మీ మాట పడాలి.

మొదటి దశలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "మాకేం వద్దులే, అన్నీ ఉన్నాయి" అని మొహమాటానికి అనేస్తారు. అడిగేది దానం కోసం కాదు. లేనిదాన్ని లేదని చెప్పకపోతే లెక్కలో మీ ఇల్లు "అన్నీ ఉన్న ఇల్లు"గా పడుతుంది.

ఒక ఉదాహరణ: వినికిడి లోపం ఉన్న పిల్లవాడు

ఒక ఇంట్లో ఎనిమిదేళ్ల బాబుకు సరిగా వినిపించదు అనుకుందాం. తల్లి కూలికి వెళ్తుంది. ఒంటరిగా తిరిగితే నెలలు పడుతుంది. కలిసి చేస్తే ఇలా ఉంటుంది:

• సంఘం సమావేశంలో తల్లి విషయం చెబుతుంది. వీఓఏ ఆ మాటను ఏఎన్ఎం చెవిన వేస్తారు. ఏఎన్ఎం ప్రాథమిక పరీక్ష చేయించి, పెద్ద ఆసుపత్రికి రాసి పంపుతారు.

• సచివాలయంలో సదరం పరీక్షకు స్లాట్ బుక్ చేస్తారు. ఆ తేదీన సంఘం నుంచి ఒకరు తోడు వెళ్తారు. దారి ఖర్చుకు చేతిలో డబ్బు లేకపోతే సంఘం అంతర్గత అప్పు ఇవ్వవచ్చు.

• లోపం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ అని సదరం సర్టిఫికెట్ వస్తే, మిగతా అర్హతలు కూడా ఉంటే, దివ్యాంగ పింఛనుకు దరఖాస్తు చేస్తారు. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి ఇది నెలకు 6,000 రూపాయలు. అంటే ఏడాదికి 72,000. ఒక కాగితం లేకపోతే ఆ ఇంటికి జరిగే నష్టం అంత.

• బడి ఉపాధ్యాయులు బాబును మండలంలోని భవిత కేంద్రానికి పరిచయం చేస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ శిక్షణ ఉంటుంది.

• వినికిడి యంత్రం ప్రభుత్వ శిబిరంలో దొరకవచ్చు. ఆలస్యమైతే ఆ ప్రాంతంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థను మండల సమాఖ్య అడుగుతుంది.

గమనించండి, ఇందులో ఏ ఒక్కరూ మొత్తం పని చేయలేదు. కానీ తల్లి మొదటిరోజు నోరు తెరవకపోతే ఈ గొలుసులో ఒక్క లింకూ కదలదు.

బీమా ఉందో లేదో ఈరోజే చూసుకోండి

ఇంట్లో సంపాదించే మనిషి పోయాక "బీమా ఉండేదేమో" అని వెతుక్కునే ఇళ్లు ఎన్నో. రెండు బీమాలు బ్యాంకు ఖాతా నుంచే నడుస్తాయి:

• ప్రధానమంత్రి సురక్షా బీమా: ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు.

• ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా: ఏడాదికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికే వర్తిస్తుంది.

రెండింటికీ బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే ప్రీమియం కట్ అవదు, బీమా ఆగిపోతుంది. సంఘం మే నెల సమావేశంలో అందరి పాస్‌బుక్కులు ఒకసారి చూడటం మంచి అలవాటు. నామినీ పేరు కూడా సరిచూసుకోండి.

పొలంలో పాము కరిచినా, చెట్టు మీంచి పడినా సురక్షా బీమా వర్తిస్తుంది. అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లినట్టు రికార్డు ఉండాలి. మంత్రగాడి దగ్గరికి వెళ్తే ప్రాణానికీ ముప్పే, క్లెయిముకూ ఆధారం ఉండదు.

సంఘంలో లేనివాళ్ల మాటేమిటి?

అన్నిటికంటే ఎక్కువ అవసరం ఉన్న ఇళ్లే చాలాసార్లు సంఘం బయట ఉంటాయి. ఒంటరి వృద్ధులు, వలస వెళ్లి వచ్చే కుటుంబాలు, పొదుపు కట్టలేక మానేసిన మహిళలు, ఊరి చివర ఉండే నాలుగిళ్లు. మీరు సంఘంలో ఉంటే, మీ వీధిలో అలాంటి ఒక్క ఇంటి పేరైనా సమావేశంలో చెప్పండి. మీరే సంఘంలో లేకపోతే, వీఓఏను గానీ వార్డు సభ్యుణ్ణి గానీ కలిసి మీ అవసరం చెప్పండి. గ్రామసభలో ఊరి ఓటరు ఎవరైనా మాట్లాడవచ్చు. దానికి సంఘ సభ్యత్వం అక్కర్లేదు.

స్వచ్ఛంద సంస్థ మీ ఊరికి వస్తే ఏం అడగాలి?

మంచి సంస్థలు చాలా ఉన్నాయి. వాటి పేరు వాడుకుని మోసం చేసేవాళ్లూ ఉన్నారు. అడగడం తప్పు కాదు:

1. మీ సంస్థ ఎక్కడ రిజిస్టరైంది? నంబరు ఏది?
2. మీరు వచ్చినట్టు పంచాయతీకి, గ్రామ సంఘానికి తెలుసా?
3. ఏం ఇస్తారు, ఎన్నాళ్లు ఇస్తారు, తర్వాత ఎవరు చూస్తారు?
4. మా నుంచి డబ్బు ఏమైనా తీసుకుంటారా? తీసుకుంటే రసీదు ఇస్తారా?

ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఖాళీ కాగితం మీద, ఏముందో చదివి వినిపించని కాగితం మీద వేలిముద్ర వేయకండి. పథకం ఇప్పిస్తానని ఎవరైనా కమీషన్ అడిగితే గ్రామ సంఘం సమావేశంలో ఆ మాట చెప్పండి. డబ్బు మోసం జరిగిపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అయినా పని జరగకపోతే?

• దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు నంబరు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం అడగండి.

• ఊళ్లో తేలకపోతే మండల సమాఖ్యకు చెప్పండి. పదిమంది పేర్లతో వెళ్లిన అర్జీకి, ఒక్కరి అర్జీకి తేడా ఉంటుంది.

• సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు.

• సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

• మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. నంబరు 15100. ఇంట్లో హింస ఉంటే 181, పిల్లలకు ఆపద అయితే 1098.

తరచూ అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ప్రణాళికలో పేరు రాస్తే పథకం వచ్చినట్టేనా?
జవాబు: కాదు. దరఖాస్తు విడిగా పెట్టాలి, అర్హత విడిగా చూస్తారు. కానీ ప్రణాళికలో ఉంటే మీ అవసరం రికార్డులో ఉంటుంది, అడగడానికి ఆధారం ఉంటుంది.

ప్రశ్న: మేం అడిగిన రోడ్డు పంచాయతీ వేయలేదు. ఎందుకు?
జవాబు: పంచాయతీకి వచ్చే నిధుల్లో కొంత భాగం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలనే షరతు ఉంటుంది. ఏ పనికి ఎంత కేటాయించారో గ్రామసభలో అడగండి. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో కూడా మీ పంచాయతీ ప్రణాళిక చూడవచ్చు.

ప్రశ్న: సంఘం అప్పు బాకీ ఉంటే నా అవసరం ప్రణాళికలో రాయరా?
జవాబు: అప్పు వేరు, హక్కు వేరు. బాకీ ఉన్నా మీ ఇంటి వివరాలు నమోదు చేయమని అడగండి.

ఈ వారం మూడు పనులు

1. రేషన్ కార్డు, ఆధార్, పాస్‌బుక్, సదరం లాంటి కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి, వాటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి.
2. మీ ఇంటికి అందాల్సింది ఏది అందలేదో ఒక కాగితం మీద రాసి, వచ్చే సంఘం సమావేశంలో చదవండి.
3. మీ వీధిలో మాట్లాడేవాళ్లు లేని ఒక ఇంటి పేరు ఆ కాగితం మీద మీ పేరు కింద రాయండి.

చదవడం రాని పెద్దవాళ్లకు ఈ పత్రం చదివి వినిపించండి. మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పంపండి.