నోరున్నా తినని తల్లి, నోరే లేని తల్లి

పొదిగే కోడిపెట్ట 21 రోజులు కూర్చుంటుంది, అదీ మధ్యమధ్య లేచి నాలుగు గింజలు ఏరుకుంటూ. కాలిఫోర్నియా తీరాన మాంటెరే అగాధంలో ఒక ఆక్టోపస్ ఏకంగా 53 నెలలు గుడ్లను కనిపెట్టుకుని ఉంది!

దాని జాతి పేరు గ్రానెలెడోన్ బోరియోపసిఫికా. 2007 మేలో, సుమారు 1,400 మీటర్ల లోతున, బండకు గుడ్లు అతికించి వాటిని ఒంటితో కప్పుకుని ఉండగా పరిశోధకుల రోబో కంటపడింది. ఒంటిమీది మచ్చలను బట్టి అదే తల్లి అని గుర్తుపడుతూ 2011 సెప్టెంబరు దాకా మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. ఎప్పుడూ అదే బండ, అదే భంగిమ. రోబో చేత్తో పీత ముక్కలు అందిస్తే ముట్టనైనా లేదు. ఏటికేడాది ఒళ్లు పాలిపోయింది, చర్మం వదులైంది, కళ్లు మసకబారాయి. అక్టోబరులో వెళ్లేసరికి తల్లి లేదు. బండమీద ఖాళీ గుడ్డు తొడుగులు మిగిలాయి, దాదాపు 160. అక్కడి నీళ్ల చల్లదనం 3 డిగ్రీలు. అందుకే పిల్లలు అంత నిదానంగా పెరిగాయి. ఇంతకాలం గుడ్లను కాచిన జంతువు మరొకటి ఇప్పటిదాకా నమోదు కాలేదు.

ఇక మన దసలి పట్టుపురుగు. మంచిర్యాల జిల్లా చెన్నూరు, కోటపల్లి ప్రాంతాల్లో రైతులు మద్దిచెట్ల మీద పెంచేది దీన్నే. తినడమంతా గొంగళి దశలోనే. నెలా నెలన్నరలో ఆకులు మేసి వేల రెట్లు బరువెక్కుతుంది. రెక్కలొచ్చాక పనికొచ్చే నోరే ఉండదు. నోరుండాల్సిన చోట మిగిలిన చిన్న భాగాల నుంచి ఒక ఎంజైమ్ ఊరుతుంది. గట్టి పట్టుగూటిని మెత్తబరిచి బయటపడటానికి అదే సాయం. ఆపైన వారం, పది రోజుల బతుకు. ఆ కాస్త వ్యవధిలోనే జతకట్టి, గుడ్లు పెట్టి రాలిపోతుంది. కాపలా కాసే తీరిక దానికెక్కడిది?

పురుగుకు నోరు లేదు, సరే. నోరుండీ ఆక్టోపస్ ఎందుకు తినదు? నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. దీనికి కారణం కళ్ల వెనక ఉండే ఆప్టిక్ గ్రంథులు. 1977లో అమెరికా శాస్త్రవేత్త జెరోమ్ వొడిన్‌స్కీ వేరే జాతి ఆక్టోపస్ తల్లుల్లో, గుడ్లు పెట్టాక, ఆ రెండు గ్రంథులనూ తీసేసి చూశాడు. అవి గుడ్లను వదిలేశాయి. మళ్లీ తిన్నాయి, పెరిగాయి, మామూలు కన్నా చాలాకాలం ఎక్కువ బతికాయి.